మామగారి పేరున్న మర

నాట్లు వేసే మర మడిలో దిగాలంటే, ముందు సిమ్యులేటర్‌లో దాని నమూనా నడిచి చూపించాలని రూలు. మధ్యాహ్నానికి కాలవ నీళ్ళు ఆపేస్తారు. సుగుణ ట్యాబు పట్టుకుని పొద్దుటినుంచీ తంటాలు పడుతోంది. తెరమీద ఖాళీ మడే తప్ప మర రావడం లేదు.

"నమూనా పేరు పలకండి," అంది ట్యాబు.

"మా మామగారు."

"ఆ పేరుతో నమూనా లేదు."

పోయిన తండ్రి పేరు మరకు పెట్టుకున్న మొగుడు ఫోనుకు అందడం లేదు. మామగారి పేరు సుగుణ నోట రాదు, తన మొగుడి పేరు అత్త వరాలమ్మ నోట అసలే రాదు. కనుచూపు మేరలో ఉన్నది పక్కచేను కోటేశు ఒక్కడే. వాడితో మూడేళ్ళుగా మాటల్లేవు.

"ఆ ట్యాబు ఎత్తి పట్టుకోవే," అని వరాలమ్మ కొంగు బిగించి గట్టెక్కింది. "ఒరే కోటేశూ, మా గట్టు జానెడు తినేశావు, సిగ్గులేదట్రా నీకు?"

"నాకెందుకే ముసలీ సిగ్గు? ఊళ్ళో గట్లన్నీ మింగింది నీ మొగుడు గవరయ్య కాదూ?"

తెరమీద మొదట కాళ్ళు వచ్చాయి, వెనకాలే చేతులు వచ్చాయి, మర నిలబడింది.

"లోడయింది, ఇక రా అత్తా," అంది సుగుణ.

వరాలమ్మ కదల్లేదు. "ఆయన్ని అంతమాటంటావా," అంటూ ఈసారి నిజంగానే తిట్లు అందుకుంది.