గడప దాటిన ఆడచేప

టీచరమ్మ గాజుసీసా తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. దానివైపు చూసిన చేపల కొట్టావిడ చేతిలోని మేత డబ్బా జారవిడిచింది.

సీసాలో గోరంత గప్పీ చేపపిల్లలు పది దాకా ఉన్నాయి. నల్లటి ఒళ్లు. తోకలకు అప్పుడప్పుడే తేనెరంగు తేలుతోంది.

అలాంటి గప్పీలు ఆవిడ కొట్టు వెనక గదిలో తప్ప ఇంకెక్కడా లేవు. ఎనిమిదేళ్లు జత కలిపి, ఏరి, మళ్లీ జత కలిపి తీసిన రకం అది. బయటికి మగవాటినే అమ్ముతుంది. ఆడదాన్ని గడప దాటనివ్వదు. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఒక్కసారి మగదానితో కలిస్తే చాలు, ఆ బీజాన్ని కడుపులో దాచుకుని నెలల తరబడి కంటూనే ఉంటుంది. మగచేపలు వంద పోయినా బెంగ లేదు. ఆడది ఒక్కటి పోతే వంశం మొత్తం పోయినట్టే.

"తల్లే పిల్లల్ని తినేస్తోందండీ," అంది టీచరమ్మ దిగులుగా. "ఇవి ఎలాగో తప్పించుకున్నాయి. దీనికేమైనా మందుందా?"

"మందెందుకమ్మా? కాస్త నాచు వేయండి, పిల్లలు దాక్కుంటాయి. ఆకలేస్తే దానికి పిల్లలూ ఫలహారమూ ఒకటే." నోరు అలవాటుగా చెప్పుకుపోతోంది గానీ ఆవిడ చూపు సీసా మీదే ఉంది. "మగచేప ఏదీ?"

"లేదండీ, ఇదొక్కతే. అదుగో, అడుగున గవ్వల వెనక నక్కింది. మా ఆయన తెచ్చి నాలుగు నెలలైంది. నెలనెలా కంటూనే ఉంది. మొగుడి మొహం చూడకుండా కాపురం చేస్తోందని ఆయన ఒకటే వేళాకోళం." టీచరమ్మ నవ్వింది.

కొట్టావిడ నవ్వలేదు. వెనక గదిలో తొట్టి నీళ్లు మారుస్తున్న తమ్ముణ్ణి కేకేసింది.

"ఏంట్రా ఇది?"

తమ్ముడు సీసా చూసి తెల్లబోయాడు. "మనవే అక్కా! బయటికెలా వచ్చాయి?"

"నన్నడుగుతావా? తొట్లు చూసుకునేది నువ్వు కాదూ?"

"అమ్మ మీద ఒట్టక్కా. నేను ఒక్కదాన్ని కూడా బయటికివ్వలేదు."

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా! అమ్మ పోయాక నా చేత్తో అన్నం పెట్టి పెంచాను కదరా నిన్ను!" ఆవిడకు చేప పోయినందుకు కాదు, వీడు ఇంత పని చేసినందుకు ఏడుపొస్తోంది.

తమ్ముడు తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. జేబులోంచి గది తాళంచెవి తీసి కౌంటర్ మీద పెట్టాడు. "అంత మాటన్నాక ఇంకెందుకక్కా ఇక్కడ," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆవిడ ఆగమనలేదు.

టీచరమ్మ నొచ్చుకుంది. "అయ్యో, నా మూలంగా గొడవైంది. ఆ అబ్బాయిని నేనెప్పుడూ చూళ్లేదండీ. మా ఆయన క్యాంపులు తిరిగే మనిషి, వారానికి రెండ్రోజులే ఇంట్లో ఉంటారు. నాకు తోడుంటుందని ఎక్కడినుంచో తెచ్చారు. గురువారం వస్తారు, ఎవరిచ్చారో కనుక్కుని చెబుతాను."

"కనుక్కోండి. దొంగెవరో మీ ఆయన నోటితోనే వినాలి నేను."

కొట్టావిడ కళ్లు తుడుచుకుని సీసాను వెలుతురులోకి ఎత్తింది. తల్లిచేప గవ్వల వెనక నుంచి మెల్లగా బయటికొచ్చి ఇటు తిరిగింది.

ఎడమ కంట్లో పువ్వున్న ఆ చేప చచ్చిపోయిందని, పూలకుండీలో పూడ్చేశానని, నాలుగు నెలల కిందట క్యాంపుకు బయల్దేరుతూ తనకు చెప్పింది తన మొగుడే.