మెరకపాలెం ఇసుక మాది కాదు

"మళ్ళీ వచ్చారా?" అన్నాడు చంద్రరావు తలెత్తకుండానే.

తలెత్తాల్సిన పని లేదు. ఎండుచేపల వాసన ఆవిడకంటే ముందే ఆఫీసులోకి వచ్చేసింది.

"ఆయ్, వచ్చేనండి. మెరకపాలెం షెడ్డు సంగతి ఇంకా తేల్లేదు కదండీ," అంటూ నూకరత్నం బల్ల ముందు నిలబడింది.

చంద్రరావు మత్స్యశాఖలో చిన్న అధికారి. సొంతూరు పాలకొల్లుకి బదిలీ అయింది. ఇంట్లో భార్య ఇప్పటికే చుట్టుపక్కల నలుగురికీ చెప్పేసుకుంది. కానీ పెండింగ్ అర్జీలు ఉండగా రిలీవ్ చేసేది లేదని పై అధికారి భీష్మించుకు కూర్చున్నాడు. పెండింగులో ఉన్నది ఒకే ఒక్క అర్జీ. అది ఈ మహాతల్లిది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఈ అర్జీని పెట్టుకుని పాలకొల్లు ఎలా వెళ్తాడు?

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? నీళ్ళలో చేప మాది, రేవులో పడవ మాది. ఇసుక మీద లేచిన షెడ్డుతో మాకేంటి సంబంధం? ఫారెస్టు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి."

"ఎళ్ళేనండి. సరుగుడు చెట్లున్నంత వరకే మాది, డ్రైనేజీ వోళ్ళనడుగు అన్నారు. ఆళ్ళేమో మురుక్కాలవ గట్టు దాటితే మాది కాదు, చేపలాఫీసుకి ఎళ్ళమన్నారు."

"రెవెన్యూ వాళ్ళో?"

"సముద్రం పోటు నీళ్ళొచ్చే చోటు, మాకు సర్వే నంబరే లేదని రాసిచ్చేరండి."

రాసిచ్చారట! తెలివైనవాళ్ళు, చేతులు దులిపేసుకున్నారు. చంద్రరావుకి ఒళ్ళు మండింది.

"అసలు ఆ షెడ్డు ఎవరిది?"

"పేరు చెప్తే ఊరుకుంటారేంటండి? ముందు ఆ నేల ఎవరిదో తేల్చండి. పోయినేడు పక్కూళ్ళో పాపాయమ్మ షెడ్డేసుకుంటే నాలుగాఫీసుల వోళ్ళూ మాదంటే మాదని పొక్లెయిన్ ఏసుకుని వచ్చేరు కదండీ. సాయంత్రానికి నేలమట్టం చేసేరు. మరి దీనికి ఒక్కరూ రారేంటండి?"

"ఆవిడ పర్మిషన్ కావాలని అర్జీ పెట్టిందమ్మా. పర్మిషన్ అడిగితే రూల్సు చూడాలా వద్దా?"

అన్నాడే గానీ ఆ మాట అతనికే గుచ్చుకుంది. ఆరోజు పొక్లెయిన్ పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డవాళ్ళలో అతనూ ఉన్నాడు. పాపాయమ్మ పెట్టిన శాపనార్థాలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఇంకో షెడ్డు కూల్చే ఓపిక అతనికి లేదు. ఈవిడ చూస్తే పేరు చెప్పడానికి కూడా భయపడుతోంది. ఎవరో పెద్దతలకాయే కట్టి ఉంటాడు. అలాంటివాడి జోలికి పోతే పాలకొల్లు బదిలీ కాస్తా శ్రీకాకుళానికి మారిపోతుంది.

విసుగెత్తి ఫోను తీశాడు. ఫారెస్టు సుకుమార్‌నీ, డ్రైనేజీ ఇంజనీరు మురళీకృష్ణనీ బతిమాలి ఆ మధ్యాహ్నమే మెరకపాలెం తీసుకొచ్చాడు.

షెడ్డు దిట్టంగా ఉంది. సిమెంటు స్తంభాలు, రేకుల కప్పు, చేపలు ఆరబెట్టే అరలకి గాలి ఆడేలా చుట్టూ వెదురు తడికలు. బయట బరకం పట్టాల మీద మెత్తళ్ళ చేపలు ఆరబోస్తున్న ఆడవాళ్ళు అధికారుల్ని చూసి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నా చివరి చెట్టు అదిగో," అన్నాడు సుకుమార్. "దాని నీడ షెడ్డు మీద పడొచ్చు గానీ వేరు ఇటు రాలేదండి."

"నా గట్టు ఇక్కడితో సరి," అన్నాడు మురళీకృష్ణ. "ఈ ఇసుక మేం పోసింది కాదు. సముద్రం పోసింది. దాన్నే అడగండి."

"సముద్రం మీ శాఖే కదండీ?" సుకుమార్ చంద్రరావు వైపు తిరిగాడు.

"చేపల వరకేనండి బాబూ! ఇసుకలో చేపలు ఈదుతున్నాయా?"

ముగ్గురూ గొంతులు పెంచారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా? ఇక్కడ గొర్రెని పంచుకోవడానికి ఎవరూ రావడం లేదు, అదీ తేడా. నడినెత్తిన ఎండ, కాళ్ళ కింద కాలుతున్న ఇసుక, మధ్యలో చేతులు కట్టుకుని నూకరత్నం. చంద్రరావుకి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఆపండి! ముగ్గురిదీ కాదన్నప్పుడు ముగ్గురం కలిసి ఆ మాటే రాసేద్దాం. 'ఈ స్థలం మా శాఖల పరిధిలోనిది కాదు, దీనిపై చర్య తీసుకునే అధికారం మాకు లేదు.' అర్జీ క్లోజ్. సరేనా?"

ఇద్దరి మొహాలూ వికసించాయి. జీపు బానెట్ మీదే సంతకాలు అయిపోయాయి.

"స్టాంపు కూడా ఏయండి బాబూ. చదువులేనిదాన్ని, రేపెవరైనా కాదంటే ఏం చెప్పుకోను?" అంది నూకరత్నం.

ముగ్గురూ పోటీలు పడి ముద్రలు గుద్దారు. ఆవిడ కాయితాన్ని మడిచి జాకెట్లో దోపుకుని దణ్ణం పెట్టింది.

జీపు ఎక్కుతుంటే చంద్రరావుకి మనసు చివుక్కుమంది. బదిలీ సంతోషం ఒకవైపు, ఈవిడ ఇన్నాళ్ళు తిరిగినా ఏమీ చేయలేకపోయామన్న బాధ ఒకవైపు.

"ఏం అనుకోకండమ్మా. మా చేతుల్లో ఏమీ లేదు. నేనూ పాలకొల్లు వెళ్ళిపోతున్నాను."

"అయ్యో, అదేంటి బాబూ, మీరు చెయ్యగలిగింది చేసేరు. పాలకొల్లులో చల్లగా ఉండండి."

అంతలో సముద్రం మీంచి కారుమబ్బు కమ్ముకొచ్చింది. టపటపా చినుకులు మొదలయ్యాయి. ఆడవాళ్ళు బరకాలు ఎత్తి పట్టుకుని పరుగెత్తారు.

"అక్కా! బేగి రా! చేపలు తడిసిపోతన్నాయి!"

నూకరత్నం బొడ్లోంచి తాళంచెవి తీసి తన షెడ్డు తలుపు తెరిచింది.