మైకు లేని పాట

"సినిమా వద్దు" అన్నాడు ఉమాకాంత్, కూతురు ఫోన్ ముందు పెట్టీ పెట్టకముందే.

సుమనకు ఒళ్ళు మండింది. వారమంతా రింగ్ రోడ్డు మార్కెట్లో చీరలు విప్పి, మడతపెట్టి, మళ్ళీ విప్పి, ఒక్క ఆదివారం కోసం బతికే పిల్ల. సూరత్‌లో సెలవు రోజు ఏం చూడాలి, ఏం తినాలి, ఏం నేర్చుకోవాలి అని ఎవరో పెట్టే వీడియోలు శుక్రవారం నుంచే చూసిపెట్టుకుంటుంది. చూసి ఏం లాభం? ఇంట్లో ఈయన ఉన్నాడు కదా, అన్నిటికీ అడ్డంగా.

"ఎందుకొద్దు బాపూ?"

"తలనొస్తది. లోచో తెచ్చుకుందాం. వేడివేడిగ, మీద సేవ్ ఏసుకొని."

"పోయిన వారం గూడ లోచోనే తిన్నం."

"అయితే డుమస్ పోదాం. సముద్రం చూసొద్దాం."

చూడటం, తినడం. ఆయనకు అంతకు మించి అక్కర్లేదు. ఏడాది కిందటిదాకా తాముండే గోడాదరాలో ఎవరింట్లో భజన జరిగినా ముందు గొంతు ఈయనదే. ఉన్నట్టుండి మానేశాడు. అడిగితే మగ్గాల షెడ్డులో పని పెరిగిందంటాడు. హార్మోనియం గుడ్డ కప్పుకుని అటక మీద కూర్చుంది.

వంటగదిలోంచి తల్లి అనురాధ గిన్నె పట్టుకుని విసురుగా వచ్చింది. "కుక్కర్ సీటీల మీద సీటీలు కొడుతుంటే పక్కనే కూసున్నవ్. నేను మీద బట్టలు ఆరేసి వచ్చేవరకు పప్పంత మాడిపాయె. జర బంద్ చేస్తే నీ చెయ్యి అరుగుతదా?"

"పొయ్యికాడి ముచ్చట నాకేమెరుక" అని ఉమాకాంత్ టీవీ వైపు తిరిగాడు. టీవీకి చప్పుడు లేదు. గోడకవతల సోమలింగం రాత్రి పాళీ చేసొచ్చి పడుకుంటాడని ఎప్పుడూ అలాగే పెట్టుకుంటాడు. పక్కింటాయన నిద్ర మీదున్న శ్రద్ధ కన్నకూతురి మీద లేదని సుమన లోలోపల తిట్టుకుంది.

"బాపూ" అంది వెనక నుంచి. తల తిప్పలేదు. "బాపూ" అంది మళ్ళీ. ఉలుకూ పలుకూ లేదు. వెళ్ళి టీవీకి అడ్డంగా నిలబడితే గానీ మొహం చూడలేదు.

"ఏంది?"

"ఇయ్యాల సాయంత్రం మనోళ్ళ సమాజం హాల్ల నా పాటున్నది. నువ్వు నేర్పిన మార్కండేయుని పాట. ముంగట వచ్చి కూసో. ఇంకేం అడగను."

ఉమాకాంత్ కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు, మీ అమ్మ పోయి రాండ్రి. మైకు మూతికి అడ్డం పెట్టుకొని పాడుడు నాకు నచ్చది. ఇంట్ల నా ముంగట పాడు, చాలు."

ఈయనేనా ఆయన? చిన్నప్పుడు టిఫిన్ డబ్బా పట్టుకుని సాంచల షెడ్డుకు వెళ్ళేది సుమన. మరమగ్గాలను వీళ్ళు సాంచలంటారు. ఆ మోతలో అరిచినా వినపడదు, అక్కడందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. గుమ్మంలో నిలబడి 'చేపల పులుసు' అని పెదవులతో అంటే చాలు, షెడ్డు ఆ చివర్నుంచి ఉమాకాంత్ పళ్ళన్నీ కనపడేలా నవ్వేవాడు.

"నీకు సిగ్గా బాపూ? దుకాణంల చీరలు మడతేసే పోరి స్టేజి ఎక్కుడేందని?"

"సిగ్గెందుకు?"

"మరి నా పాట మీద నీ మనసెందుకు లేదు? నిన్న కావాలని శ్రుతి తప్పి పాడిన. అమ్మ వంటింట్లకెల్లి ఉరికొచ్చింది. నువ్వు మంచిగున్నది బిడ్డా అన్నవ్. ఎప్పుడు పాడినా గదొక్కటే మాట. అసలు వింటున్నవా నువ్వు?"

ఉమాకాంత్ మొహం ఎర్రబడింది. లేచి నిలబడ్డాడు. "వింటలేనా? నీకు పాట నేర్పిందెవరు? నాకు పాట తెల్వదంటవా?" ఇల్లు అదిరేలా అరిచాడు. సోమలింగం అవతల నుంచి గోడ దబదబా బాదాడు. ఉమాకాంత్ ఆగలేదు. "నా బిడ్డవు నువ్వు. నీ పాట నాకు తెల్వదా?"

అనురాధ ముందుకొచ్చి, మెల్లగా అన్నట్టు చెయ్యి కిందికి ఊపింది. అప్పుడు గొంతు తగ్గించాడు.

సుమన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బాధతో కాదు, కోపంతో. ఈయన్ని ఇవాళ ఎదురుగా పట్టుకోవాలి. ఆ ఉత్తుత్తి మెచ్చుకోలు ఆయన నోటితోనే బయటపెట్టించాలి.

"కూసో. ఇప్పుడే పాడుత. ఎట్లున్నదో నిజం చెప్పు."

ఆయన కూర్చున్నాడు. ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకుంది. వంటింటి గుమ్మంలో అనురాధ గరిటె పట్టుకుని నిలబడింది.

పాట మొదలైంది. ఉమాకాంత్ చూపు కూతురి మొహం మీంచి కదల్లేదు. పల్లవి దాటేసరికి తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. చరణంలో తాళం ఒక్కచోట కూడా తప్పలేదు. చివరికొచ్చేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఇయ్యాల కుదిరింది బిడ్డా" అన్నాడు. "గొంతు ఎంత మంచిగ లేసింది. హాల్ల గిట్లనే పాడు, అందరు లేచి నిలబడతరు."

అనురాధ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. సుమన మోకాళ్ళ మీద ముందుకు జరిగి తండ్రి రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత ఆయన మొహానికి ఎదురుగా మొహం పెట్టి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"మైకు పెట్టుకోను బాపూ. నువ్వు ముంగటనే కూసో."

ఆ పాట పాడినంతసేపూ సుమన గొంతు విప్పలేదు, పెదవులు మాత్రమే కదిపింది.