రెండో రీలు

తెర మీద కుక్క కనబడగానే జనం పకపకా నవ్వారు.

నవ్వరా మరి? సర్కారు బొమ్మల బండి బోథ్ నుంచి బురద తొక్కుకుంటూ వచ్చి, బడి ముందు తెల్లగుడ్డ కట్టి, తీరా చూపించింది కుక్కనా?

"గీపాటి కుక్కలు మన గల్లీల లెవ్వా?" అన్నాడు పోలీసు పటేలు రాజలింగు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. తెర మీది కుక్క చొంగ కార్చుకుంటూ మనిషి మీదికి దూకింది. ముందు వరుసవాళ్లు వెనక్కి పడ్డారు. తర్వాత ఆ కరిపించుకున్న మనిషిని చూపించారు. మంచానికి కట్టేసి ఉన్నాడు. గ్లాసుతో నీళ్లు దగ్గరికి తెస్తే చాలు, గిలగిలా కొట్టుకుంటున్నాడు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

"అగో, జూసిండ్రా! కుక్క కరిచినోన్ని ముందుగాల గుంజకు కట్టెయ్యాలె. లేకుంటే ఇంటిల్లిపాదిని కరుస్తడు" అన్నాడు బాలమల్లు, అన్నీ తెలిసినవాడిలా.

పక్కనే కూర్చున్న ఆయన భార్య దుర్గవ్వ చీర అంచు పాదాల మీదికి లాక్కుంది.

ఇంతలో తెర తెల్లబడింది. "రెండో రీలుంది, కూర్చోండి!" అని బండి మనిషి కేకేశాడు.

ఆ మాట వినగానే మగవాళ్లంతా లేచారు. పోయినసారి కూడా ఇలాగే రెండో రీలంటూ కూర్చోబెట్టి కుటుంబ నియంత్రణ బొమ్మ వేశాడు. మర్నాడు మగవాళ్ల ఆపరేషన్‌కు పేర్లివ్వమని ఇల్లిల్లూ తిరిగాడు. మూతి కాలిన పిల్లి మళ్లీ పాలగిన్నె దగ్గరికి వస్తుందా? మగవాళ్లు లేచారని ఆడవాళ్లు, వాళ్ల వెనక పిల్లలు. నిమిషంలో బడి ముందు ఖాళీ.

దుర్గవ్వ మాత్రం కదల్లేదు.

"నువ్వు పో, నేనొస్త" అంది. సరే, ఆ ఆపరేషన్‌కు ఆడదాన్ని పేరివ్వమనరులే అని బాలమల్లు తన దారిన తాను పోయాడు.

ఆ రాత్రే వాన పట్టుకుంది. తెల్లారేసరికి వాగు పొంగింది. బస్సు బంద్. పొలం పని లేని మగవాళ్లు కట్టెలు పట్టారు. పిచ్చిదో మంచిదో అడిగిన పాపాన పోలేదు. నాలుగు కాళ్లు, ఒక తోక ఉంటే చాలు. సాయంత్రానికి ఊళ్లో మొరుగు వినబడకుండా పోయింది.

ఒక్కటి మిగిలింది. ఎవరిదీ కాని నల్లమచ్చల కుక్క. అది బాలమల్లు పశువుల కొట్టంలో గుంజకు కట్టేసి ఉంది. తలుపుకు అడ్డంగా కొడవలి పట్టుకుని దుర్గవ్వ నిలబడింది.

"ఇడువు దుర్గవ్వా! అది పిచ్చిదైతే ఊరంత ఆగమైతది" అన్నాడు రాజలింగు.

"దాన్ని ముట్టుకుంటే నా పానం తీసినట్టే, పటేలా. ముందుగాల నన్ను సంపుండ్రి."

బాలమల్లుకు తల కొట్టేసినట్టయింది. ఏ కుక్కకూ ఏనాడూ గంజిచుక్క పోయని మనిషి! "జర ఓపిక పట్టు పటేలా, నా పెండ్లానికేదో గాలి సోకింది" అని చేతులు పట్టుకుని బతిమాలాడు.

"కొట్టం దాటి బయటికొస్తే మాత్రం నేనూకోను" అని పటేలు కట్టె భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇక మొదలైంది ఆమె కాపలా. చేనుకు పోదు. కలుపుకు పిలిచినవాళ్లతో జగడమాడుతుంది. పొద్దున లేస్తూనే చెంబెడు నీళ్లు గటగటా తాగుతుంది, కొట్టం దగ్గరికి ఉరుకుతుంది. వాగు దాకా పోయి నీళ్లు తగ్గాయేమోనని చూసొస్తుంది. చిత్రమేమిటంటే, అంత చేస్తూ ఆ కుక్క తల ఒక్కసారీ నిమరలేదు. జొన్న గట్కముంతను పొడుగాటి కట్టెతో దూరం నుంచే నెడుతుంది.

"గీ ముసురుల గింత దూప ఏంది నీకు?" అన్నాడు బాలమల్లు.

"తాగనియ్యి" అంది, అంతే.

ఒకరోజు కుక్క గట్క ముట్టలేదు. మూలకు ముడుచుకుని మూలిగింది. దుర్గవ్వ ముఖంలో నెత్తురుచుక్క లేదు. పోచమ్మకు కోడిని మొక్కింది. "తిను బిడ్డా, నీ కాల్మొక్త, జర తిను" అని ఆమె బతిమాలుతుంటే బాలమల్లు కళ్లల్లో కూడా నీళ్లు తిరిగాయి. పిల్లల్లేని మనిషి, దాన్నే కొడుకనుకుంటోంది కాబోలని సరిపెట్టుకున్నాడు. పొద్దుగూకే వేళకు కుక్క లేచి, ఒళ్లు విదిలించుకుని, ముంత నాకేసింది. దుర్గవ్వ అక్కడే గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మరి కొన్నాళ్లకు ఒక పొద్దున కొట్టంలోంచి కుయ్యోమని అరుపు. బాలమల్లు ఉరికొచ్చాడు. దుర్గవ్వ తాడు కోసేసి, చీపురుకట్ట తిరగేసి ఆ కుక్కను బాదుతోంది.

"ఫో! నీ పాడుగాను! మల్ల నా కండ్లవడ్డవో, నేనే సంపుత!"

కుక్క తోక ముడిచి చేలకు అడ్డం పడి పారిపోయింది.

"ఏందే గిది? ఊరంతటితోని కొట్లాడి సాదుకుంటివి గదనే!" బాలమల్లు నోరు తెరిచాడు.

"సాదుకునుడా? దాని మొకం!" ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వస్తున్నాయి. "రెండో రీలు మీరెవ్వలు జూడలే. కరిచిన కుక్కను సంపొద్దట. కట్టేసి జూడాలెనట. పది దినాలు బతికితే దానికి పిచ్చి లేనట్టేనట. దవాఖానకు గూడ పోవాలన్నరు. గా వాగు పోనిచ్చిందా?"

బాలమల్లు కుక్క పారిపోయిన చేలవైపు చూశాడు. "కరిచిన కుక్కనా? గది ఎవల్ని కరిచింది?"

దుర్గవ్వ గడప మీద కూలబడి, చీర అంచు మోకాలిదాకా లాగి, పిక్క మీద మానుతున్న పళ్లగాట్లు చూపించింది.