మౌనవ్రతం సేటుగారి గోల్ఫ్

దొరగారి పచ్చగడ్డిని పట్టపగలు దొంగిలించాలని ఉపాయం పన్నింది సత్తమ్మ. దొంగ వేషం మాత్రం మొగుడు కురుమయ్య నెత్తిన పడింది.

ఆ ఏడు, అంటే యాభై తొమ్మిది ఎండాకాలంలో, దేవరకొండ చుట్టుపక్కల పచ్చనిదన్నది కంటికి కనబడితే ఒట్టు. కురుమయ్యకున్న అరవై గొర్రెలూ ఎండు తుమ్మకాయలు ఏరుకు తిని డొక్కలు పీక్కుపోయి ఉన్నాయి. అప్పటికే రెండు చచ్చాయి. పచ్చగా ఉన్నదల్లా కిషన్‌రావు దొర గోల్ఫ్ మైదానం ఒక్కటే. లండన్‌లో చదివొచ్చిన ఆ మహానుభావుడు గుట్ట చుట్టూ నలభై ఎకరాలకు కంచె వేయించి, బావికి ఇంజను పెట్టించి, తొమ్మిది గుంతలు తవ్వించి, కర్రతో బంతిని కొట్టుకుంటూ తిరుగుతుంటాడు. ఊళ్లో మనుషులకు తాగే నీళ్లు లేవు గానీ ఆయన గడ్డికి రోజూ రెండు పూటలా స్నానం. అందులో ఎవరి గొర్రె మూతి పెట్టినా మంద మొత్తం బందెలదొడ్డికి పోవాల్సిందే.

ఉపాయం సంతలో దొరికింది. దొర కావలివాడు చెన్నయ్య బీడీ కాలుస్తూ సత్తమ్మ దగ్గర తన కష్టాలు వెళ్లబోసుకున్నాడు. బయటి ఊరి పెద్దమనిషి ఎవరైనా వచ్చి ఒక ఆట ఆడతానంటే దొరకు పండగట. నౌకర్లంతా బంతి వెంట గుట్ట అవతలికి పరుగెత్తాలట. ఇవతల వెనక గేటుకు గొళ్లెం పెట్టే తీరిక కూడా ఎవరికీ ఉండదట. సత్తమ్మ ఆ మాటను కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది.

ఆమె తమ్ముడు బీరన్న రెండేళ్లు సికింద్రాబాదులో మిలిటరీ ఆఫీసర్ల గోల్ఫ్ సంచులు మోసినవాడు. ఒక ఆఫీసరు ఇచ్చిన పాత కోటూ ప్యాంటూ వాడి పెట్టెలో ఉన్నాయి. ఇంకేం కావాలి? కురుమయ్య పెద్దమనిషై దొరతో ఆడుతుంటే, తను వెనక గేటులోంచి మందను తోలుతుందట. కురుమయ్య మాత్రం ఒప్పుకోలేదు. పట్టుబడితే మంద పోతుంది, మంద పోతే తాను బతికీ లేనట్టే అన్నాడు.

"ఊకున్నా సస్తనే ఉన్నయి గద," అంది సత్తమ్మ. "గొర్లన్ని సచ్చినంక ఏడుస్తవా, గిప్పుడు ప్యాంటు ఏస్కుంటవా? నువ్వే చెప్పు."

కురుమయ్య ప్యాంటు వేసుకున్నాడు.

నోరు విప్పితే గుట్టు బయటపడుతుంది కదా, దానికి మందు బీరన్న కనిపెట్టాడు. గురువారం పొద్దున గేటు దగ్గర దొరకు వంగి దండం పెట్టి, వీరు కర్నూలు వేరుశెనగ మిల్లు సేటుగారనీ, గురువారం మౌనవ్రతమనీ చెప్పాడు. దొర మురిసిపోయాడు. మాట్లాడని మనిషితో ఆటంత సుఖం లేదంటూ చెయ్యి కలిపి, తన మంచి కర్రల సంచి తెప్పించాడు. ఇవతల నాలుగు గుంతలు, అవతల ఐదు. అవతలి నుంచి మొదలుపెడదామని దొరే ముందు నడిచాడు.

మొదటి దెబ్బకు బంతి కదల్లేదు. చాటంత గడ్డిచెక్క లేచి పోయి దూరంగా పడింది. దొర ఏమీ అనుకోలేదు. రెండో దెబ్బ కురుమయ్య కళ్లు మూసుకుని, పంటచేలో పడ్డ పొట్టేలును అదిలించినట్టు కొట్టాడు. బంతి గుట్ట నెత్తికెక్కింది. దాన్ని వెతకడానికి నౌకర్లందరికీ గంట పట్టింది.

సరిగ్గా అప్పుడే గుట్ట ఇవతలి నుంచి "మే" అని వినిపించింది. కురుమయ్య గట్టిగా దగ్గాడు. మళ్లీ "మే మే" అంది. ఈసారి బీరన్న కూడా దగ్గాడు. ఆ తర్వాత మంద అరిచినప్పుడల్లా బావా బామ్మర్దీ పోటీలు పడి దగ్గారు. దొర జాలిపడి, ఇద్దరికీ తలా ఒక లవంగం ఇచ్చాడు.

ఐదో గుంత దగ్గర కురుమయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. గుట్ట దిగి వచ్చిన ఒక గొర్రెపిల్ల, అంతమంది మధ్యలో నేరుగా అతని దగ్గరికే వచ్చి, ప్యాంటు వాసన చూసి, మోకాలికి తల రుద్దుకుంటూ నిలబడింది. దొర పిల్లను చూశాడు. తర్వాత సేటును చూశాడు. మంద మొత్తం బందెలదొడ్డిలో వరసగా నిలబడినట్టు కురుమయ్యకు కనిపించింది.

"మౌనవ్రతం పట్టినోళ్ల కాడికి జీవాలు గిట్లనే వస్తయి సేటుగారూ," అన్నాడు దొర, కళ్లు తుడుచుకుంటూ. "మా అసుంటోళ్ల కాడికి రావు."

బీరన్న ఆ పిల్లను చంకనెత్తుకుని గుట్ట ఎక్కాడు. తిరిగొచ్చి, సేటుగారికి బస్సు వేళయిందన్నాడు. దొర కూడా బలవంతపెట్టలేదు. మిగతా ఆట ఇంకోసారి చూసుకుందామంటూ గేటు దాకా వచ్చి సాగనంపాడు.

సత్తమ్మ అప్పటికే మందను వాగు ఒడ్డుకు తోలుకుపోయింది. గొర్రెల పొట్టలు కుండల్లా ఉన్నాయి. కురుమయ్య కోటు విప్పి పారేసి, ఒక్కో గొర్రెనూ నిమిరి, ఏడుపూ నవ్వూ కలిపి కానిచ్చాడు. అంత చదువుకున్న మనిషిని అంత వెర్రివాణ్ణి చేసినందుకు దొర మీద కొంచెం జాలి కూడా పడ్డాడు.

దొర గుట్ట దాటి ఇవతలికొచ్చి, సమంగా కొరికిన గడ్డినీ దాని నిండా పడ్డ ఎరువునూ తృప్తిగా చూసుకుని, కావలివాణ్ణి పిలిచాడు.

"గడ్డి మిషిను ఖరాబై మూడు నెలలాయె, ఎరువుకు మంద కట్టుమంటే గొర్లోల్లు దినానికి తూమెడు జొన్నలు అడుగుతుండిరి, గిప్పుడు నాలుగు గుంతల కాడ రెండు పనులూ ఫుకట్ల అయినయి. రేపు సంతల ఇంకో గొర్లామె గుర్వమ్మ చెవుల గూడ గా గేటు ముచ్చట ఎయ్యి చెన్నయ్యా, అవతల ఇంకా ఐదు మిగిలినయి."