మూడు బెల్టుల చోట ఒక్కటి

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై ఆరో ఏట అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఈ ఒక్క పేజీకి నాకు నాలుగు రోజులు పట్టింది.

"తిప్పమంటావా?" అని అడిగింది మెర్లా.

పాత పికప్పు బండిలో స్టీరింగు ముందు కూర్చుని ఉందామె. ఎదురుగా బానెట్ లేచి ఉండటంతో భర్త కనపడటం లేదు. వెండెల్‌కు ఎనభై రెండేళ్ళు. ఏ పనైనా ముక్కు ఆనించి చేసే మనిషి. ఇప్పుడూ ఇంజనులోకి తల దూర్చే ఉంటాడు.

"తిప్పక, పాట పాడతావా? కానీయ్!"

"ముందు నువ్వు వెనక్కి జరగవయ్యా."

"జరిగాన్లేవే."

జరగలేదని ఆమెకు తెలుసు. కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని తాళం తిప్పింది.

ఇంజను గుర్రుమంది. పది లెక్కపెట్టేలోగా ఠాప్‌మని చప్పుడు. బెల్టు ఊడి బానెట్‌కు కొట్టుకుంది. మెర్లా గబుక్కున ఇంజను ఆపేసింది.

"తగిలిందా?"

"నాకేం తగల్లా. మళ్ళీ ఊడింది ముదనష్టపుది!"

మెర్లా బిగబట్టిన ఊపిరి వదిలింది. ఇలా ఊడటం ఇది వరసగా మూడో పొద్దు.

ఆ ఇంజనుకు యాభై ఏళ్ళుగా మూడు సన్న బెల్టులుండేవి. నీళ్ళ పంపుకొకటి, కరెంటుకొకటి, స్టీరింగుకొకటి. సెప్టెంబరులో బండి వాగు మలుపు దగ్గర రోడ్డు దిగి కంచెను గుద్దింది. వానకు తడిసి బెల్టు జారిందనీ, స్టీరింగు బిగుసుకుపోయిందనీ వెండెల్ ఊరందరికీ చెప్పాడు. ఆ మూడూ పీకి పారేసి, ఇంజను ముందుండే చిన్న చక్రాలన్నిటి మీదుగా పాములా మెలికలు తిరిగే వెడల్పాటి బెల్టు ఒక్కటే బిగిస్తానని పంతం పట్టాడు. అది నిలబడితే శనివారం బండిని తానే తోలుకుంటూ కొండ దాటి పాత బండ్ల సంతకు పోతాడట.

ఆ దారిలో పదకొండు మలుపులు. ఎదురుగా దుంగల లారీలు. పక్కన లోయ. ఆ మలుపుల్లో ఈయన ఏమైపోతాడోనని మెర్లాకు వారంగా గొంతులో ముద్ద దిగడం లేదు.

షెడ్డు గుమ్మంలో కాఫీ తాగుతున్న మెర్లా తమ్ముడు డోర్సీ నవ్వాడు.

"ఒక్క బెల్టు మీదే అంతా వేలాడదీశావు. అది తెగితే ఏంటి గతి బావా?"

"నీ ప్యాంటు బెల్టు ఇద్దువుగాన్లేరా."

"అది తీస్తే నా పొట్టనెవరు ఆపుతారు? బెల్టు సంగతి తర్వాత, ముందు కళ్ళు చూపించుకో. అంత పొడుగు కంచె కనపళ్ళేదు నీకు."

"నా కళ్ళకేం రోగం! బెల్టు జారిందని వందసార్లు చెప్పా." వెండెల్ చక్రాలను ఒక్కొక్కటే వేళ్ళతో తడిమాడు. "నిన్న ఇనప బద్ద ఆనించి చూశా. అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఇవాళ ఇదొకటి పక్కకి జరిగింది. ఇంజను అదురుకి బోల్టులు వదులవుతున్నాయిరా. అందుకే ఇవాళ ఇది పూస్తున్నా."

చేతిలో చిన్న సీసా.

"ఎర్ర జిగురా?" డోర్సీ ఈల వేశాడు. "అది పట్టాక విప్పాలంటే మంట పెట్టాల్సిందే!"

"విప్పేదెవడు?"

మెర్లా బండి దిగి వచ్చింది. "అంత గట్టిది ఎందుకయ్యా? రేపేదన్నా బాగుచెయ్యాల్సొస్తే?"

"నీకెందుకే భయం? నీ మొగుడి చేతి పని. చచ్చినా ఊడదు."

బోల్టులన్నిటికీ జిగురు పూసి బిగించాడు. సాయంత్రం దాకా ఆరనిచ్చారు. మళ్ళీ మెర్లాను కూర్చోబెట్టారు.

ఆమె తాళం తిప్పింది. పది లెక్కపెట్టింది. ఇరవై. వంద. కూత లేదు, చప్పుడు లేదు. తేనెపట్టు దగ్గర నిలబడ్డట్టు సన్నగా ఒకటే ఝుంకారం.

మెర్లా ఇంకా లెక్కపెడుతూనే ఉంది.

వెండెల్ బండి అంచు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "విన్నావా? శనివారం కొత్త గౌను వేసుకుని నా పక్కన కూర్చో."

ఆమె తలూపింది.

"చూడు బావా, మా అక్క కళ్ళంట నీళ్ళు!" అన్నాడు డోర్సీ. "బండంటే ఎంత ప్రేమో!"

మూడు రోజులుగా భర్త నిద్ర లేవకముందే చెప్పులు చేత్తో పట్టుకుని షెడ్డులోకి వచ్చి బోల్టులు వదులు చేసి పోతున్న మెర్లాకు, రేపు ఏది విప్పాలో తోచలేదు.

— ఓపల్ రిట్నర్, డెబ్బై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు వెస్ట్ వర్జీనియాలో, ఎల్కిన్స్‌లో మా చెల్లెలి ఇంటి మేడ మీద ఉంటున్నాను.