చెప్పిన చోట పడని బంతి

"దూరపు పోస్టు దగ్గరికి కొట్టమన్నానా లేదా?"

"అన్నారు సార్."

"మరి నువ్వు కొట్టిందెక్కడికి?"

పిచ్చుక బూటు లేసు విప్పుతూ తలెత్తలేదు. పక్కనే ఉన్న సీనియర్ అక్కకు చిన్న పాస్ ఇచ్చానని, ఆమె కొట్టింది గోల్ అయింది కదా అని గొణిగింది. 'గోల్ అయింది కదా' అన్న మాటకే కోచ్‌కు ఒళ్లు మండిపోయింది. గుడ్డి దెబ్బ తగిలినంత మాత్రాన తప్పు ఒప్పవుతుందా అని మొదలుపెట్టి ఊపిరాడకుండా వాయించాడు. మిగతా ఆటగత్తెలు చప్పుడు చేయకుండా సంచులు సర్దుకుని ఒక్కొక్కరే గదిలోంచి జారుకున్నారు.

ఆయన బాధ ఆయనది. చూడ్డానికి గుప్పెడంత ఉంటుందని అందరూ పిచ్చుక అని పిలిచే ఈ పిల్ల మొదట వచ్చినప్పుడు, కొట్టిన బంతి గోల్ దాకా దొర్లేది కూడా కాదు. నిలబడే కాలు బంతికి ఎంత దూరంలో ఆనించాలో, పాదం లోపలి అంచుతో ఎలా కోస్తే బంతి గాలిలో వంగుతుందో, ఫ్రీ కిక్‌కు గోడ కట్టిన వాళ్లలో ముందు బెదిరేది ఎవరో ఎలా కనిపెట్టాలో, అన్నీ దగ్గరుండి నేర్పాడు. పరిగెత్తే బంతి అదృష్టానిది, ఆగిన బంతి మాత్రం మనది అని నూరిపోశాడు. పదిహేడేళ్లు వచ్చేసరికి జట్టులో నడిమి ఆటంతా ఆ పిల్ల కాళ్ల మీదే నడుస్తోంది. ఇప్పుడు మైదానం మూల నుంచి కార్నర్ కొడితే బంతిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దింపినట్టు ఉంటుంది.

వేరే ఏ జట్టు మీదైనా చెప్పింది చెప్పినట్టు కొడుతుంది. మిల్లు జట్టు ఎదురైతే చాలు, చెవుల్లో దూది పెట్టుకున్నట్టే. ఇది రెండోసారి.

"ఆ మిల్లు పిల్లల్ని చూసి నేర్చుకో. వాళ్ల కోచ్ గీసిన గీత దాటరు," అని బయటికి నడిచాడు.

ఇంటికెళ్లాక కూడా చల్లారలేదు. భార్య అప్పుడే పని నుంచి వచ్చి వంటగదిలో బంగాళాదుంపలు తరుగుతోంది. కోపం వస్తే ఆయనకు ఎదుట ఎవరున్నారో పట్టదు. ఎప్పటిలాగే రెండు గ్లాసులు గోల్ పోస్టులుగా నిలబెట్టాడు. ఉప్పు డబ్బా గోల్ కీపర్ అయింది, తరగని దుంపలు డిఫెండర్లయ్యాయి. ఫైనల్లో కార్నర్ వస్తే దగ్గరి పోస్టుకు తక్కువ ఎత్తులో కొట్టిస్తానని, జట్టులోని పొడుగమ్మాయి అడ్డంగా దూసుకొచ్చి తల ఆనిస్తుందని పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు. ఆవిడ కత్తి పక్కన పెట్టి ఓపిగ్గా విన్నది. ఒక దుంపను కాస్త జరిపి, పొడుగమ్మాయి పరుగు ఇక్కడి నుంచేనా అని కూడా అడిగింది. తన గోడు ఇంత శ్రద్ధగా వినే మనిషి ఇంట్లో ఉన్నందుకు ఆయన ప్రాణం కొంచెం కుదుటపడింది.

"చెప్పి చెప్పి నా నోరు పడిపోతోంది. ఆ పిల్ల వినదు," అన్నాడు.

"మీరు చెప్పినట్టే కొడితే ఎంత బాగుండేది," అని ఆవిడ నిట్టూర్చింది.

మర్నాడు మైదానంలో పిచ్చుకను పక్కకు పిలిచాడు. ప్రాంతీయ జట్టుకు ఒక్కో కోచ్ ఒక్కో పేరే పంపాలి. ఫైనల్లో మాట దాటితే ఆ పేరు నీది కాదని తెగేసి చెప్పాడు. ఆ రోజు మొదలు ఆ పిల్ల దగ్గరి పోస్టుకు తప్ప ఇంకెక్కడికీ కొట్టలేదు.

ఫైనల్లో ఎదురైంది మళ్లీ మిల్లు జట్టే. చెరో గోల్‌తో ఆట చివరికొచ్చింది. అప్పుడు కార్నర్ దొరికింది. కోచ్ గీత దగ్గర నిలబడి, అనుకున్నదే కొట్టమని సైగ చేశాడు. పిచ్చుక బంతిని ఆనించి గోల్ వైపు చూసింది. ఆయన వైపు చూసింది. గుండెల నిండా ఊపిరి తీసుకుని, దగ్గరి పోస్టునీ, పొడుగమ్మాయినీ, అందరినీ దాటించి వెనక ఒంటరిగా ఉన్న అక్క కాళ్ల ముందుకు బంతిని దింపింది. ఒక్క తన్ను, వల ఊగింది.

జట్టంతా ఒకరి మీద ఒకరు పడి ఎగురుతుంటే, గెలిచిన కోచ్ ఒక్కడే టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

సంబరం సద్దుమణిగాక పిచ్చుకే వచ్చి ఎదురుగా నిలబడింది. వేరే పేరు పంపుతున్నానని ఆయన చెప్పాడు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పంపండి సార్. కానీ మీరు కొట్టమన్న చోట వాళ్లు ముందే కాచుకుని ఉన్నారు. మొన్నా అంతే, అంతకు ముందూ అంతే. అక్కడికి కొడితే బంతిని వాళ్ల చేతికిచ్చినట్టే."

 దగ్గరి పోస్టు ముందు ముగ్గురు మిల్లు పిల్లలు గుంపుగా నిలబడటం ఆయనకిప్పుడు కళ్లకు కట్టింది. మన గుట్టు ఎవరు మోస్తున్నారని అడిగాడు. జట్టులో ఎవరూ కాదంది. మరి తెలిసీ ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని గద్దించాడు.

"నేను చెబితే బాగుండదు సార్," అని పిచ్చుక తల దించుకుంది.

ఇంకా ఏదో అడగబోతుండగా, ఓడిన మిల్లు జట్టు కోచ్ మెడలోని ఈల తీసి సంచిలో పడేసుకుంటూ, మైదానం దాటి వచ్చి ఆయన పక్కన ఆగింది.

"ఏమండీ, ఇంటి తాళాలు మీ దగ్గరేగా?"